ఇనుము దారి, నీళ్ల దారి

జమ్మికుంటలో పంపు కొన్న రైతుకు తెలియని సంగతి ఒకటుండేది. ఆ పంపు అతని బావి దాకా ఎడ్లబండి మీద వచ్చిన మాట నిజమే గాని, అంతకు ముందే అది కాజీపేట దాకా నడిచిపోయి, మళ్లీ నడిచి వచ్చింది. టిక్కెట్టు లేకుండా, గంగయ్య సావుకారి షెడ్డు గడప దాటకుండా.

నమ్మనివాళ్లకు లెక్క చెప్పనక్కర లేదు, యాదవ్వ అరచేతులను చూపిస్తే చాలు. ఆ షెడ్డులో ఒక గోడ పొడుగునా లేత్ యంత్రాలు పెళ్లి బంతిలో కూర్చున్నట్టు ఒకే వరుసలో ఉండేవి. ఎదుటి గోడకు డ్రిల్లు యంత్రాలు. తలుపు దగ్గర చదును చేసే షేపర్లు. పోత పోసిన ముక్క ముందు షేపర్ దగ్గర వీపు గీకించుకునేది. అక్కడి నుంచి లేత్ దగ్గరికి పోయి గుండ్రమయ్యేది. ఎదుటి గోడకు పోయి డ్రిల్లు కింద చెవులు కుట్టించుకునేది. చెవులు కుట్టినాక అందం తక్కువైందని మళ్లీ లేత్ దగ్గరికే వచ్చి నున్నబడేది. ఇన్ని ప్రయాణాలూ రెండు చెవుల ఇనుప తట్టలోనే. ఒక చెవి యాదవ్వది, ఇంకొక చెవి సంతోషమ్మది.

నిజాం రాజ్యం పోయి, నయా పైసలు అలవాటై, బావుల మీద మోటలు దిగి ఆయిల్ ఇంజన్లు ఎక్కుతున్న కాలం అది. పంపులకు గిరాకీ ఎంతంటే, పెళ్లికొడుకులకు కూడా అంత లేదు. రోహిణి కార్తె రేకుల మీద కూర్చుని షెడ్డును పొయ్యి చేసేది. యాదవ్వ ముత్రాసుల ఇంటి కోడలు. సంతోషమ్మ షెడ్డు వెనక గోడకు ఆనుకొని ఉన్న మెథడిస్టు చర్చి కాంపౌండు మనిషి, డ్రిల్లు నడిపే మోషేకు అక్క. ఇద్దరూ ఒకే ఈడు. బరువు ఎత్తేటప్పుడు ఒకరి ఊపిరి ఒకరికి తెలుసు. ఒకామె ఎడమ కాలు వేస్తే ఇంకొకామె ఎడమ కాలే వేసేది. తట్ట ఊగకుండా కోడళ్ల గురించీ, కోళ్ల గురించీ, రెండూ కలిసి గింజలు తినేయడం గురించీ చెప్పుకుంటూ నడిచేవాళ్లు. ఒకరినొకరు వదినె అని పిలుచుకునేవాళ్లు.

ఇనుముకు అంటు లేదు. నీళ్లకు ఉంది.

లేత్ వరుసలో వడ్రంగివాళ్లు, కమ్మరివాళ్లు. డ్రిల్లు వరుసలో కాంపౌండువాళ్లు. అలా ఉండాలని ఎవరూ చెప్పలేదు. మొదటి మేస్త్రీ తన వాళ్లను తన పక్కన పెట్టుకున్నాడు, మిగిలిన వాళ్లు మిగిలిన చోట నిలబడ్డారు. లేత్ వరుస చివర ఒక కుండ. అందులో నీళ్లు యాదవ్వ రైలు గేటు దాటి, స్టేషన్ అవతలి బావి నుంచి తెచ్చేది. డ్రిల్లు వరుస చివర ఇంకొక కుండ. అందులోవి సంతోషమ్మ గోడ అవతలి కాంపౌండు బావి నుంచి తెచ్చేది. కాంపౌండువాళ్ల తాతలు ఊరి బయట ఉండేవాళ్లు. ఏసును నమ్ముకున్నాక పేర్లు మారాయి గాని, ఊరివాళ్ల చేతిలో చెంబు మాత్రం పాత ఎత్తులోనే ఉంది. వాళ్లకు నీళ్లు పైనుంచే పోసేవాళ్లు.

ఆ ఏడు సావుకారి అన్ని యంత్రాలనూ కలిపి తిప్పే తలమీది పెద్ద ఇరుసునూ, దాని తోలు బెల్టులనూ తీయించి, ప్రతి యంత్రానికీ సొంత మోటరు పెట్టించాడు. బెల్టు ఉన్నన్నాళ్లు యంత్రాలు ఇరుసు కిందే వరుసగా నిలబడాలి, కట్టేసిన పశువుల్లా. ఇప్పుడు తాడు తెగింది. ఎటైనా పోవచ్చు. ఎటు పోవాలో చెప్పడానికి పర్శరాములు అనే ఇంజనీరు వచ్చాడు. వరంగల్లులో చదువుకున్నాడు, సిరిసిల్ల మగ్గాల ఇంటి పిల్లవాడు.

శుక్రవారం పొద్దున అతను పంపు ముక్కలన్నీ గోనెపట్టాల మీద పరిపించాడు. సంతలో కూరగాయలు ఏరినట్టు ఏరసాగాడు. చూడ్డానికి ఒకలా ఉన్నవాటిని ఒక దగ్గర పెడతాడేమో అనుకున్నారు అందరూ. అతను అలా చేయలేదు. పొడుగు షాఫ్టు పక్కన పొట్టి బుష్షును పెట్టాడు. చిన్న మూత పక్కన పెద్ద మూతను పెట్టి, వాటి దగ్గరికే ఇంకేదో వంకర ముక్కను తెచ్చాడు.

లేత్ వరుసకు పెద్ద కైలాసం. మీసం మీద ఎప్పుడూ ఇనుప పొడి మెరుస్తూ ఉండేది. యంత్రం మీదికి వంగి వంగి ఎదుటి మనిషితో కూడా వంగే మాట్లాడేవాడు. అతను చెప్పే కథలు వరుస ఈ చివర మొదలై ఆ చివర చేరేసరికి పెరిగి పెద్దవయ్యేవి. ఒకసారి తన లేత్ మీద తీసిన ఇనుప చుట్ట తెగకుండా సాగి సాగి స్టేషన్ దాకా పోయిందనీ, గ్రాండ్ ట్రంకు రైలు వచ్చే వేళయింది, పట్టాల మీంచి తీసుకొమ్మని స్టేషన్ మాస్టరు కబురు పెట్టాడనీ చెప్పేవాడు. వరుస చివరివాడు దాన్ని బల్లార్షా దాకా పంపించేవాడు.

ఆ కైలాసం గోనెపట్టాల దగ్గరికి వచ్చి, ఇవి ఏ వరసన చుట్టాలయ్యాయి సారూ అని అడిగాడు.

పర్శరాములు లేవకుండానే చెప్పాడు. "ఏ ముక్కలు ఏ మిషిన్ల చుట్టు తిరుగుతయో చూడాలె మేస్త్రీ. ఒక్క తొవ్వల తిరిగేటియి చుట్టాలు. మా ఇంట్ల బాపు మగ్గం మీద కూసుంటడు. అవ్వ పక్కనే కండెలు సుడుతది. చెయ్యి జాపితే కండె అందుతది. ఊర్ల రాట్నాలన్ని ఒక వాడల, మగ్గాలన్ని ఒక వాడల పెడితె బట్ట ఎప్పుడు దిగాలె?"

కైలాసం, మగ్గం దాకా బాగానే ఉంది గాని పక్కన కూర్చున్నది మీ అవ్వ కాబట్టి సరిపోయింది అన్నాడు. ఆ మాటకు అందరూ నవ్వారు. ఇంజనీరు కూడా నవ్వాడు గాని, ఎందుకు నవ్వారో అతనికి పూర్తిగా తెలిసినట్టు లేదు.

శనివారం, ఆదివారం హమాలీలు గునపాలు పెట్టి, కింద ఇనుప గొట్టాలు దొర్లించి యంత్రాలను జరిపారు. తలుపు దగ్గర ఒక షేపర్, రెండు లేత్‌లు, ఒక డ్రిల్లు ముఖాలు ఒక దగ్గర చేర్చుకొని షాఫ్టుల గుంపైంది. నడుమ మూతల గుంపు. చివర చక్రాల గుంపు. కైలాసం లేత్ కదిలేటప్పుడు అతను దాని మీద చేయి వేసి పక్కనే నడిచాడు. పాత చోటులో నూనె తాగి నల్లబడిన నేల పొడుగాటి నీడలా మిగిలింది. ఆ షెడ్డు ఇప్పుడు పత్తి గోదాము. అయినా తెలిసిన కళ్లకు ఆ నలుపు నిన్న మొన్నటి దాకా కనబడుతూనే ఉంది.

సోమవారం పని మొదలైంది. షాఫ్టుల గుంపులో కైలాసం లేత్‌కు బారెడు దూరంలో మోషే డ్రిల్లు. కైలాసం ముక్క తీశాడు. పట్టుకొని నిలబడ్డాడు. ఎన్నేళ్లుగానో అతను తీసిన ముక్కను తట్టలో వేశాడు, తట్టను ఆడవాళ్లు మోశారు, మోషే తట్టలోంచి తీసుకున్నాడు. ఇప్పుడు తట్ట లేదు. ఎదురుగా చాచిన మోషే చేయి ఉంది. కైలాసం ముక్కను కింద పెట్టాడు. మోషే వంగి తీసుకున్నాడు. పది ముక్కలకు ఇద్దరి నడుములూ పట్టుకున్నాయి.

మధ్యాహ్నానికి కైలాసం ఎక్కడి నుంచో ఒక చెక్క తెచ్చి రెండు యంత్రాల నడుమ రెండు డబ్బాల మీద పరిచాడు. ముక్కను చెక్క మీద పెట్టడం, మోషే చెక్క మీంచి తీసుకోవడం. మర్యాద చెడలేదు, నడుము వంగలేదు. కాని షాఫ్టు గుండ్రటిది. గుండ్రటివాటికి మర్యాద తెలియదు. చెక్క మీద పెట్టిన షాఫ్టు దొర్లింది, కింద పడింది, అంచుకు నొక్కు పడింది. ఇంకొకటి పెట్టాడు, అదీ దొర్లింది. సావుకారి నొక్కులు పడిన షాఫ్టులను చేతిలో పట్టుకొని, ఇవేం దెబ్బలు, గుంపులో కొట్లాటలు కూడా మొదలయ్యాయా అని అడిగాడు. మంగళవారం పొద్దున చెక్క లేదు. కైలాసం ముక్కను ఒక కొనన పట్టుకొని చాచాడు, మోషే ఇంకొక కొనన అందుకున్నాడు. మధ్యాహ్నానికి ఎవరి కొన ఎవరిదో చూసే తీరిక ఇద్దరికీ లేకపోయింది.

పంపులు మాత్రం నమ్మలేనంత తొందరగా దిగుతున్నాయి. యాదవ్వ, సంతోషమ్మ ఖాళీ తట్ట పట్టుకొని తలుపు దగ్గర నిలబడ్డారు. పిలిచేవాళ్లు లేరు.

ఆ సాయంత్రం పర్శరాములు ఇద్దరినీ పిలిచి, తల వంచుకొని చెప్పాడు. ఇక ఇనుము మోసే పని లేదు. నీళ్లకు ఒక మనిషి చాలు. ఒక్కరినే ఉంచుతామని సావుకారి అంటున్నాడు. ఎవరన్నది అతను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదని సావుకారే వెనక నుంచి అందుకున్నాడు. యాదవ్వ తెచ్చిన నీళ్లు అందరూ తాగుతారు, సంతోషమ్మ తెచ్చినవి అందరూ తాగరు, ఇందులో తగవేముంది అన్నాడు. సంతోషమ్మకు శనివారం దాకా పని. అప్పటి దాకా నేల మీది ఇనుప చిత్తు ఊడవాలి.

సంతోషమ్మ తట్ట తన వైపు చెవిని మెల్లగా వదిలింది. ఖాళీ తట్టే అయినా యాదవ్వ చేయి కిందికి గుంజుకుపోయింది.

"సారూ, ఇద్దరం ఏండ్ల సంది ఒక్క తట్ట మోసినం," అంది యాదవ్వ.

"తట్టకే పని లేదు గదమ్మా," అన్నాడు పర్శరాములు. అబద్ధం ఆడే అలవాటు లేనివాడు.

బుధవారం యాదవ్వకు అసలు సంగతి తెలిసింది. ఇంజనీరు యంత్రాలను కలిపాడు, ముక్కలను కలిపాడు, కుండలను మరిచిపోయాడు. మునుపు వరుసకు ఒక కుండ, షెడ్డుకు రెండు. ఇప్పుడు ప్రతి గుంపులోనూ రెండు రకాల మనుషులున్నారు కాబట్టి గుంపుకు రెండేసి కుండలు, మొత్తం ఆరు. ఆరింటినీ నింపేది ఒక్క యాదవ్వ. ఇనుము బారెడు దూరం కూడా నడవడం మానేసింది, నీళ్లు మాత్రం రైలు గేటు దాటి స్టేషన్ అవతలి నుంచి నడుస్తూనే ఉన్నాయి. గేటు పడిందంటే గూడ్సు బండి. సింగరేణి బొగ్గు మోసుకొచ్చే ఆ బండ్లు ఎంత పొడుగంటే, మొదటి డబ్బా వచ్చినప్పుడు గేటు దగ్గర పెళ్లిచూపులు మొదలు పెట్టినవాడు చివరి డబ్బా పోయేసరికి పిల్లల బారసాల చేసుకోవచ్చు. యాదవ్వ నెత్తిన బిందె, చంకలో బిందె పెట్టుకొని ఎండలో నిలబడేది. షెడ్డుకు చేరేసరికి మొదటి కుండ ఖాళీ అయ్యేది.

ఆ మధ్యాహ్నం బిందె దించుతుంటే కైలాసం ఓదార్చబోయాడు. "నీకేం ఫికర్ యాదవ్వా. లేత్‌లు పాతవడుతయి, ఇంజనీర్లు మారుతరు. నీ కుండకు మాత్రం ఢోకా లేదు."

యాదవ్వకు ఆ మాట తేలు కుట్టినట్టయింది. మూలకు సంతోషమ్మ చీపురుతో ఇనుప చుట్టలు ఊడుస్తున్నది. తలెత్తలేదు గాని చీపురు ఒక్క క్షణం ఆగింది.

రాత్రి వంట చేస్తూ యాదవ్వ ఒక ఎత్తు వేసింది. చెడ్డ ఎత్తు కాదు. రెండు రోజులు తాను పోకూడదు. జ్వరమని కబురు పెట్టాలి. నీళ్లు లేక నాలుకలు ఎండితే గాని సావుకారికి ఆడమనిషి విలువ తెలియదు. లేత్‌వాళ్లు సంతోషమ్మ చేతి నీళ్లు తాగరు, చచ్చినా తాగరు. అది భూమి గుండ్రంగా ఉన్నంత నిజం. మూడో రోజు సావుకారి స్వయంగా వాకిట్లోకి వస్తాడు. అప్పుడు తాను మంచం దిగకుండా, ఆరు కుండలు ఒక్కదాని వల్ల కాదు, సంతోషమ్మ కూడా ఉండాలి, ఆమె పోస్తే తాగనివాళ్లకు నేను పోస్తా, తాగేవాళ్లకు ఆమె పోస్తుంది అని తేల్చి చెప్పాలి. ఇద్దరి పనీ నిలబడుతుంది. కులం ఎన్నో పాపాలు చేసింది, ఒక్కసారి పుణ్యం చేయనీ అనుకుంది.

గురువారం పోలేదు. పొద్దంతా వాకిలి వైపే చూసింది. తలకు కొంగు బిగించి కట్టుకొని, ఎవరైనా వస్తే మూలగడానికి తయారుగా కూర్చుంది. ఎవరూ రాలేదు. మొదటి రోజు కదా, ఓర్చుకుంటున్నారు అనుకుంది.

శుక్రవారం సావుకారి కూర్చోవడానికి పీట కడిగి పెట్టింది. సావుకారికి చెప్పాల్సిన మాటలు కోళ్లకు చెప్పి చూసుకుంది. మొదట మెత్తగా చెప్పింది, తర్వాత గట్టిగా చెప్పింది. కోళ్లు రెండింటికీ ఒప్పుకున్నాయి. మధ్యాహ్నం గూడ్సు బండి కూత వినబడితే, ఇప్పుడు గేటు పడింది, షెడ్డులో ఎవరి గొంతు ఎట్లా ఉందో అని జాలి కూడా పడింది. సాయంత్రమైంది. పీట మీద పిల్లి పడుకుంది.

శనివారం పొద్దెక్కినాక యాదవ్వ తనే బయలుదేరింది. బిందె తీసుకోలేదు. జ్వరం నుంచి లేచినట్టు కనబడాలని మెల్లగా నడవాలనుకుంది గాని, కాళ్లకు ఆ మాట చెప్పడం మరిచిపోయింది. షెడ్డుకు చేరేసరికి నిజంగానే గొంతు ఎండిపోయింది.

లోపల యంత్రాలు నడుస్తున్నాయి. ఎవరూ ఎండిపోయి లేరు. షాఫ్టుల గుంపు నడుమ ఒక కుండ ఉంది. పక్కన ఇంకొకటి లేదు. మూతల గుంపు వైపు చూసింది. అక్కడా ఒకటే. వెనక గోడలో ఎప్పుడూ మూసి ఉండే చిన్న దిడ్డి తలుపు తెరిచి ఉంది. దాని అవతల కాంపౌండు బావి గిలక ఎండకు మెరుస్తున్నది.

కైలాసం ఆమెను చూసి లేత్ ఆపాడు. అతను ఆపగానే మోషే చేతులు ఖాళీ అయ్యాయి, షేపర్ దగ్గరి బుచ్చిరాములు ముక్క పట్టుకొని నిలబడిపోయాడు. గుంపు సంగతి అంతే. మునుపు వరుసలో ఒకడు లేచిపోతే పక్కవాడికి కూడా తెలిసేది కాదు. ఇప్పుడు ఒకడు ఆగితే అందరూ ఆగాలి.

జరిగింది కైలాసమే చెప్పాడు, తన పద్ధతిలో. గురువారం మధ్యాహ్నానికి కుండలో చుక్క లేదట. నాలుక ఎంత ఎండిందంటే, దాని మీద లేత్ టూలు నూరుకోవచ్చునట. ఓర్వలేక తనే బిందె పట్టుకొని స్టేషన్ బావికి పోయాడట. గేటు పడిందట. వచ్చిన బండికి డబ్బాలు ఎన్నంటే, ఇంజను కాజీపేట చేరినా గార్డు జమ్మికుంటలోనే ఉన్నాడట. తిరిగి వచ్చేసరికి మోషే, బుచ్చిరాములు చేతులు కట్టుకొని కూర్చున్నారు. నాలుగు యంత్రాలు ఊరికే నిలబడి ఉన్నాయి. ఇంజనీరు గడియారం వైపు చూశాడు, అంతే. తెచ్చిన నీళ్లు గుక్కెడు గుక్కెడు పంచుకునేసరికి అయిపోయాయి. మళ్లీ పోవాలంటే మళ్లీ గుంపంతా ఆగాలి.

అక్కడి దాకా చెప్పి కైలాసం కథ పెంచడం మానేశాడు. మీసం మీది పొడి తుడుచుకున్నాడు.

"మోషేగాడు వాళ్లక్క తెచ్చిన నీళ్లు తాగుతుండు. గటగట సప్పుడు నాకినవడుతంది. బారెడు దూరం గద. పొద్దటి సంది వాని చేతిల నా చెయ్యి పడుతనే ఉన్నది. ఇగ నీళ్ల దగ్గర ఏం మడి? దోసిలి పట్టిన. పట్టంగ చూసి బుచ్చిరాములు గూడ పట్టిండు. నిన్నటి సంది ఒక్కటే కుండ."

సంతోషమ్మ కుండ దగ్గర నిలబడి కొంగు అంచు మెలిపెడుతున్నది. నేను అడగలేదు వదినె అన్నట్టు ఆమె కళ్లు చెబుతున్నాయి.

యాదవ్వకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఇంతకాలం అందరికంటే గట్టిగా ఆ కట్టుబాటును నమ్మింది తనే. లేత్‌వాళ్లు కూడా అంత నమ్మలేదు. దాని మీద ఇల్లు కట్టబోయింది, వాళ్లు గుక్కెడు నీళ్లతో దాన్ని కూల్చేసి, లేత్ మీదికి తిరిగి వంగారు.

సావుకారి గల్లా దగ్గరి నుంచి లేచి వచ్చి, జ్వరం తగ్గిందా అని నిజమైన దయతోనే అడిగాడు. ఇంకా నాలుగు రోజులు పడుకొమ్మన్నాడు. నీళ్లకు తొందర లేదు, కాంపౌండు బావి గోడ అవతలే ఉంది, దిడ్డి తీయించాం, సంతోషమ్మ ఒక్కతే చాలుతుంది అన్నాడు. యాదవ్వ ఇంజనీరు వైపు తిరిగింది.

"సారూ, అంటే నేను వద్దా?"

పర్శరాములు చేతిలో ఉన్న బుష్షును అటూ ఇటూ తిప్పాడు. "ఒక్కరి పనే ఉన్నదమ్మా. దగ్గరి బాయి ఉండంగ దూరం బాయికి ఎట్ల పొమ్మందు?" ఇనుముకు వేసిన లెక్కే నీళ్లకు వేశాడు. లెక్కలో తప్పు లేదు. అందుకే ఆమె వైపు చూడలేకపోయాడు.

యాదవ్వ వెనుదిరిగింది. తలుపు దాకా పోయింది. బయట ఎండ తెల్లగా కాస్తున్నది. పత్తి రోజులు కావు, మార్కెట్టులో పని లేదు. వరి నారుకు తుకాలు పోసే కాలం ఇంకా రాలేదు. ఎక్కడికి పోవాలో కాళ్లు అడుగుతున్నాయి.

"వదినె, ఆగు."

సంతోషమ్మ వచ్చి ఆమె ముంజేయి పట్టుకుంది. బరువు ఎత్తేటప్పుడు పట్టుకున్నంత గట్టిగా పట్టుకుంది.

"పొద్దటి పూట నువ్వు ముంచు, పగటి పూట నేను ముంచుత. కూలి చెరి సగం. సగం కూలికి సగం బతుకే, నాకెరికనే. కని నువ్వు పోయినంక నేనొక్కదాన్ని ఇక్కడ ఎవలతోని మాట్లాడాలె?"

సావుకారి వైపు చూశారు ఇద్దరూ. ఒక కూలి ఇద్దరు తీసుకుంటే తనకు పోయేదేముందని సావుకారి చేయి ఊపాడు. అయితే కాంపౌండు బావి నీళ్లే తేవాలి, గేటు దాటి పోయి పొద్దు గడపొద్దు అన్నాడు.

యాదవ్వ దిడ్డి వైపు చూసింది. ఆ బావిని ఎప్పుడూ దగ్గరి నుంచి చూడలేదు. సంతోషమ్మతో కలిసి షెడ్డులో ఎన్ని బరువులో మోసింది. ఆమె పెట్టిన అల్లం ముక్క నోట్లో వేసుకుంది, ఆమె కడుపు కోత విని ఏడ్చింది. గొంతు ఎండినప్పుడు మాత్రం తన కుండ దగ్గరికి తను, ఆమె కుండ దగ్గరికి ఆమె పోయారు. అది తప్పని తనకు ఒక్కనాడూ తోచలేదు. లేత్‌వాళ్లను తిట్టుకున్నప్పుడు కూడా తోచలేదు.

"గొంతెండుతంది," అంది యాదవ్వ.

సంతోషమ్మ చెంబు ముంచి తెచ్చింది. తెచ్చి ఆగిపోయింది. పైనుంచి పోయాలా, చేతికి ఇవ్వాలా అన్నది ఆమెకు తెలియలేదు. షెడ్డులో యంత్రాలు ఒకటొకటిగా ఆగాయి. ఎవరూ ఆపమనలేదు. యాదవ్వ అలవాటుగా దోసిలి పట్టింది, పట్టిన చేతులను ఒకసారి చూసుకుంది, కిందికి దించింది. చెంబును రెండు చేతులా అందుకొని, అంచు పెదవులకు ఆనించి తాగింది. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగలేదు.

తాగి, చెంబులోకి చూసింది. మళ్లీ చూసింది.

"ఓ సంతోషీ," అంది, మూతి తుడుచుకోకుండానే. "గింత తియ్యగుంటయా మీ నీళ్లు?"

"ఎప్పటి సంది అట్లనే ఉన్నయి వదినె."

"మరి గా స్టేషన్ బాయి ఉప్పు నీళ్ల కోసం, ఎండల గేటు కాడ నిలవడి, గూడ్సు బండ్లు లెక్కవెట్టుకుంట ఇన్నేండ్లు నేనెందుకు నడిచిన్నే?"

యాదవ్వ నవ్వడం మొదలు పెట్టింది. నవ్వుతుంటే కళ్ల వెంట నీళ్లు కారాయి. వాటిని తుడుచుకోకుండానే కుండ దగ్గరికి పోయి, తన చేత్తో చెంబు ముంచి, సంతోషమ్మకు పట్టింది.